భూగోళం పాఠం పొలం గట్టు మీద చెప్పాలి

మొన్న మా ఊరి పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడాం. రాజస్థాన్ ఇళ్లలో వాన నీటిని ఎలా దాస్తారో, మేఘాలయలో వెదురు గొట్టాలతో నీళ్లు ఎలా పారిస్తారో గడగడా చెప్పారు. పుస్తకంలో ఉంది కదా! మన ఊరి మేజరు ఎక్కడ మొదలవుతుంది, చివరి భూములకు నీరు చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరి భూముల రైతుల బిడ్డలూ వాళ్లలో ఉన్నారు.

తప్పు పిల్లలది కాదు, అయ్యవార్లదీ కాదు. సిలబస్ అయిపోవాలి, పరీక్షలో మార్కులు రావాలి. ప్రాజెక్టు పని అంటే నెట్ సెంటర్లో బొమ్మలు తీయించి అట్టకు అంటించడం. బడి గోడ దాటి కాలువ గట్టుకు వెళ్లమని చెప్పేవారు లేరు.

ఇది రైతు సంఘానికి ఎందుకు అంటారేమో. పటం చదవలేనివాడు పొలం పోగొట్టుకుంటాడు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. పటం చేతికిస్తే ఏది తూర్పో, మన గట్టు ఏదో పోల్చుకోలేక సంతకాలు పెట్టినవాళ్లు మనలో ఉన్నారు. ఇప్పుడు సెంట్లు తగ్గాయని కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. గొలుసు అంటే 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఈ లెక్కతో బడి ఆటస్థలం కొలిచిన పిల్ల రేపు తండ్రి పొలం పటాన్నీ సరిచూస్తుంది.

నీళ్ల సంగతీ అంతే. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అయినా సాగర్ పక్కనే ఉన్న వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మెరకలు నేటికీ వానకు ఎదురు చూస్తున్నాయి. నీరు పల్లమెరుగు, కాలువ కంటే ఎత్తున ఉన్న నేలకు దానంతటది ఎక్కదు. వరికపూడిశెల ఎత్తిపోతల ఎందుకు కావాలో ఈ ఒక్క పాఠంతో పిల్లలకు అర్థమవుతుంది. పల్నాటి పిల్లలకు ఇంతకంటే మంచి భూగోళం పాఠం ఎక్కడుంది?

ఖర్చూ లేదు. అయ్యవారు, ఇద్దరు పెద్దలు తోడుండగా పెద్ద కాలువ జోలికి పోకుండా లోతు లేని పిల్ల కాలువ దగ్గరికి వెళ్లాలి. నీటి వెడల్పు 4 అడుగులు, లోతు అడుగున్నర, వేసిన పుల్ల 30 సెకన్లలో 30 అడుగులు పోయిందనుకుందాం. హెచ్చవేస్తే 6. పైనీరు అడుగునీటి కంటే వేగంగా పోతుంది కాబట్టి కొంత తీసేస్తే సుమారు 5 క్యూసెక్కులు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు రెండెకరాల్లో అడుగు లోతు నిలుస్తుంది. తూము దగ్గర ఎంత వదిలారు, చివర ఎంత వచ్చింది అని లెక్కతో అడిగే తరం వస్తే మనకు దబాయింపు సమాధానాలు చెప్పలేరు.

ఇది జరగని పనేం కాదు. 2000 తర్వాతి దశకంలో పక్కనున్న ప్రకాశంతో పాటు అనంతపురం, కర్నూలు వంటి ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక పథకం నడిచింది. రైతులే రోజూ వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు, అందరికీ కనబడేలా బోర్డు మీద రాశారు. ఉన్న నీటికి రబీలో ఏ పంట సరిపోతుందో కూర్చుని లెక్క వేసుకున్నారు. పెద్దగా చదువుకోని రైతులు చేసిన పనిని తొమ్మిదో తరగతి పిల్లలు చేయలేరా?

ప్రభుత్వాన్ని మనం అడిగేవి రెండే. హైస్కూలు పిల్లలకు నెలలో రెండు పూటలు ఊళ్లో క్షేత్ర పాఠం ఉండాలి. ఆ పనికి మార్కులు ఇవ్వాలి. ప్రతి బడికీ ఊరి పటం, వానమాపకం ఇవ్వాలి.

ప్రభుత్వం ఇచ్చేదాకా మనమూ ఆగనక్కర లేదు. జూన్‌లో బడులు తెరిచేది, తొలకరి పడేది ఒకే అదనులో. సభ్యులు తమ ఊరి హెడ్మాస్టరుగారిని కలిసి, పిల్లలను మా పొలానికి తీసుకురండి, నల్లరేగడి ఎందుకు నెర్రెలిస్తుందో, మా బావి ఏ నెలలో అడుగంటుతుందో మేము చెబుతాం అనండి. ఆ రోజు మన పొలమే బడి, మనమే అయ్యవార్లం.