చిన్న రోబోల మోటారు వలయాలకు మడిలోనే పరీక్ష

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ఇంజనీరింగ్ కళాశాలలకూ పాలీహౌస్‌లకూ మధ్య దూరం స్వల్పం. అయినా విద్యార్థులు సరదాగా రూపొందించే చిన్న రోబో నున్నటి గచ్చుపై చక్కగా తిరిగి, పక్కనున్న టమాటా మడిలో నాలుగు బారలు నడవకముందే ఆగిపోతుంది. లోపాన్ని చక్రంలోనో ప్రోగ్రాములోనో వెదుకుతారు గాని, ముందుగా చూడవలసినది మోటారును నడిపే ట్రాన్సిస్టర్‌ను.

లెక్క కష్టమైనది కాదు. సాధారణ మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి నిశ్చింతగా తీసుకోగలిగేది సుమారు 20 మిల్లీ ఆంపియర్లు. గచ్చుపై 100 మిల్లీ ఆంపియర్లతో తిరిగే మోటారు, చక్రం తడిమట్టిలో దిగబడి నిలిచిపోతే 600 వరకు లాగుతుందనుకుంటే, 100 మిల్లీ ఆంపియర్ల పరిమితి గల బిసి 547 అక్కడ నిలవదు. పెద్ద ట్రాన్సిస్టర్ పెట్టినంత మాత్రాన సమస్య తీరదు. అది పూర్తిగా వాహక స్థితికి రావాలంటే కలెక్టర్ ప్రవాహంలో పదోవంతు బేస్‌కు ఇవ్వడం వాడుక. అంటే 60 మిల్లీ ఆంపియర్లు కావాలి. పిన్ ఇచ్చేది అందులో మూడోవంతే. అరకొరగా తెరుచుకున్న ట్రాన్సిస్టర్ మోటారుకు చేరవలసిన శక్తిని తానే వేడిగా మార్చుకుని మాడిపోతుంది. కనుక మోటారు ఇరుసును ఒక్క క్షణం బిగబట్టి మల్టీమీటరులో చూసిన ప్రవాహమే రూపకల్పనకు ఆధారం కావాలి.

బజారులో దొరికే ఎల్ 298 ఎన్ బోర్డు చవకైనదే, కాదనడానికి లేదు. అయితే 1 ఆంపియరు వద్ద అది దాదాపు 2 వోల్టులను తనలోనే పోగొట్టుకుంటుంది. 6 వోల్టుల బ్యాటరీలో అది మూడోవంతు!

అసలు అన్ని పనులకూ మోటారు వెనక్కి తిరగవలసిన అవసరమేమిటి? గింజలు రాల్చే పళ్లెం, మందు పిచికారీ చేసే చిన్న పంపు ఒకే దిశలో తిరుగుతాయి. వాటికి నాలుగు ట్రాన్సిస్టర్ల హెచ్ బ్రిడ్జి దండుగ. 5 వోల్టుల గేటు సంకేతంతోనే పూర్తిగా తెరుచుకునే మాస్‌ఫెట్ ఒకటి, మోటారుకు అడ్డంగా ఒక డయోడ్, గేటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల నిరోధకం చాలు. ఆపగానే మోటారు చుట్టలో పుట్టే ఎదురు వోల్టేజి నుంచి డయోడ్ కాపాడుతుంది. కంట్రోలర్ మేల్కొనేలోపు మోటారు తనంతట తాను తిరగకుండా నిరోధకం ఆపుతుంది. పిచికారీ యంత్రంలో ఇది ప్రాణరక్షణ విషయం. వేగాన్ని పల్సులతో మార్చేటట్లయితే షాట్కీ డయోడ్ మేలు.

చక్రాలకు మాత్రం హెచ్ బ్రిడ్జి తప్పదు. ఒకే పక్కనున్న రెండు ట్రాన్సిస్టర్లు కలిసి తెరుచుకుంటే బ్యాటరీ షార్టవుతుంది కనుక, దిశ మార్చే ముందు నాలుగింటినీ కొద్ది క్షణం ఆపివేయాలి.

ఇలాంటి వలయంలో కాలిపోయిన మూడుకాళ్ల భాగాన్ని పంపుసెట్లు బాగుచేసే దుకాణంలోనైనా మార్చుకోవచ్చు. కళాశాలలు మార్కులు వేసే ముందు యంత్రాన్ని ఒక్కసారి నీరు పెట్టిన మడిలో దింపించి, చక్రం కూరుకుపోయాక ట్రాన్సిస్టర్ ఎంత వేడెక్కిందో చూడాలి.