దాహానికీ మార్కులేనా?

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇప్పుడు పరిశోధకులు అమ్మనే అడుగుతున్నారు, మీ పిల్లాడు ఎలా తింటాడని. ఇందుకోసం 2001లో లండన్‌లో జేన్ వార్డల్ బృందం 35 ప్రశ్నలు కూర్చింది. తిండి కనిపిస్తే ఆగలేకపోవడం, ఇష్టంగా తినడం, రెండు ముద్దలకే చాలనడం, నెమ్మదిగా తినడం, పేచీలు పెట్టడం, దిగులుకి ఎక్కువ తినడం, దిగులుకి మానేయడం, తాగడానికి ఏదో ఒకటి అడుగుతుండడం. ఇలా ఎనిమిది అంశాలు. నెదర్లాండ్స్, పోర్చుగల్, స్వీడన్‌లలో అనువదించి పరీక్షించారు. ఆస్ట్రేలియాలో స్థిరపడ్డ భారతీయ తల్లులనూ అడిగి చూశారు, 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మంచి పనిముట్టే. నా పేచీ దాని మీద మన పరిశోధక విద్యార్థులు 'ఇక్కడికీ సరిపోయింది' అని ముద్ర కొట్టే పద్ధతితో.

ఆ పద్ధతి అందరికీ కంఠస్థమే. ఒకరు తెలుగు చేస్తారు, మూలం చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లీషు చేస్తారు, నిపుణులు తలూపుతారు. తల్లులచేత నింపించి, కొన్నాళ్లాగి వాళ్లనే మళ్లీ అడిగి, క్రోన్‌బాక్ 1951లో చెప్పిన ఆల్ఫా లెక్క కడతారు. 0.7 దాటితే పండగే. కానీ ఆల్ఫా చెప్పేది ఒక్కటే, ఒక గుంపులోని జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని. అవి పిల్లాడి గురించి నిజం చెబుతున్నాయో లేదో దానికి పట్టదు.

రాయచూరు నుంచి శక్తినగర్ వెళ్లే దారిలోని చిక్కసూగూరుకి ఈ కాగితం పట్టుకెళదాం, అదీ మే నెలలో. తాగడం గురించిన ప్రశ్నలు మూడు, మూడూ దాదాపు ఒకటే: అస్తమానం తాగడానికి అడుగుతాడా, వీలుంటే రోజంతా తాగుతూనే ఉంటాడా అని. నలభై డిగ్రీలు దాటిన ఎండలో ఆడే పిల్లాడి తల్లి మూడింటికీ 'ఎప్పుడూ' అంటుంది, నీడపట్టున ఉండే పిల్లాడి తల్లి మూడింటికీ 'అప్పుడప్పుడు' అంటుంది. జవాబులు ముచ్చటగా పొసుగుతాయి, ఆల్ఫా అదిరిపోతుంది. కొలిచింది మాత్రం రాయచూరు ఎండని!

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఈ కర్ణాటక సరిహద్దు పల్లెల్లో మామూలే. తెలుగు మాట్లాడే తల్లికి చదవొచ్చింది కన్నడమయితే, తెలుగులో అచ్చేసిన కాగితం ఆమెకి అక్కరకు రాదు. ఆశా కార్యకర్త చదివి వినిపించాలి. పెన్ను పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషికి ఏ తల్లి చెబుతుంది, మావాడు సరిగ్గా తినడని? "బాగనే తింటడక్కా" అని తేల్చేస్తుంది. ఒంటరిగా కూర్చుని టిక్కు పెట్టడం వేరు, ఇది వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

నెమ్మదిగా తింటాడా అన్న ప్రశ్న సంగతీ అంతే. నాలుగేళ్లవాడికి తల్లే కలిపి ముద్దలు పెడుతుంటే ఆ వేగం ఎవరిది? కూలికి వేళయిన రోజు పిల్లాడు గబగబా తిన్నట్టే లెక్క. రాత్రి పొయ్యి వెలుగుతుందో లేదో తెలియని ఇంట్లో 'ఎప్పుడూ తిండి అడుగుతాడు' అంటే అలవాటా, ఆకలా? 2021 డిసెంబరులో రాయచూరుతో సహా కొన్ని జిల్లాల బళ్లలో కర్ణాటక ప్రభుత్వం గుడ్డు పెట్టడం మొదలెట్టింది, వద్దన్నవాళ్లకి అరటిపండు. అరటిపండు తీసుకున్న పిల్ల ఇంటి కట్టుబాటు పాటిస్తోందంతే, పేచీకోరు కాదు. కాగితానికి ఆ తేడా తెలియదు.

అసలు వార్డల్ కూడా కాగితంతో ఆగలేదు. సహ పరిశోధకురాలు కార్నెల్‌తో కలిసి, నాలుగైదేళ్ల పిల్లలు నిజంగా ఎంత తింటున్నారో కొలిచి తల్లుల జవాబుల పక్కన పెట్టి చూశారు. 2007లో అచ్చయిన పని అది. మన విద్యార్థులు ప్రశ్నల్ని తెచ్చుకున్నారు, ఈ కష్టాన్ని మాత్రం అక్కడే వదిలేశారు.

ఇక్కడ ప్రయోగశాలేం అక్కర్లేదు. కర్ణాటకలో 2002లో బడి వేడన్నం మొదలైన ఏడు జిల్లాల్లో రాయచూరు ఒకటి. తల్లిదండ్రుల అనుమతితో బడి వరండాలో ఓ మూల కూర్చుంటే, మారు వడ్డించమని ఎవరు చెయ్యి చాపుతున్నారో, ఎవరు ఆఖరున లేస్తున్నారో, ఎవరి పళ్లెంలో ఏం మిగిలిందో కంటికే కనిపిస్తుంది. ఇంటి తిండీ బడి తిండీ ఒకటి కావు, నిజమే. కానీ తల్లి మాటని సరిచూసుకోవడానికి ఏదో ఒక పళ్లెం చూడాలి కదా.

థీసిస్‌ల మీద సంతకం పెట్టే గైడ్లకి నా విన్నపం: మీ విద్యార్థి ఆల్ఫా చూపించినప్పుడు ఏ నెలలో అడిగావు, ఎవరు చదివి వినిపించారు, పిల్లాడికి ముద్ద పెట్టేది ఎవరు, ఇంట్లో ఆ వారం బియ్యమో జొన్నలో ఉన్నాయా అని అడగండి. జవాబు లేకపోతే సంతకం పెట్టకండి.