పౌరుషం అమ్మబడును

మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో తలుపులు తెరిచినప్పుడు తెలుగు మధ్యతరగతి దానిని కల్పవృక్షమనే అనుకున్నది. పాతికేళ్ళు దాటేసరికి ఆ చెట్టునీడన కూర్చున్న యువకులకు ఒక కొత్త సరుకు అమ్ముతున్నారు: టెస్టోస్టెరాన్. అలసటా? నిరుత్సాహమా? కోరిక తగ్గిందా? అయితే మీ హార్మోను తగ్గింది! ప్రకటనల పల్లవి ఇదే. ఈ మూడూ ఎరగని వేతనజీవి గచ్చిబౌలిలో ఎవడున్నాడో చూపించమనండి.

హార్మోను కల్పితమని నేననను. మన మిత్రులు కొందరు ప్రతి రోగాన్నీ పెట్టుబడి కుట్రగా కొట్టిపారేస్తారు; అది మార్క్స్ పేరు చెప్పుకునే బద్ధకం. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ పదార్థాన్ని వృషణాలనుంచి వేరుచేశారు; అదే ఏడు బూటెనాండ్ట్, రుజిచ్కా ప్రయోగశాలలో తయారుచేశారు. క్లైన్‌ఫెల్టర్ లక్షణాలతో పుట్టినవారికి, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నవారికి అది నిజమైన ఔషధం. బీదవానికి ప్రభుత్వాసుపత్రిలో దానిని ఇవ్వమని అడగవలసింది మనమే.

కాని లోపమని తేల్చడానికి ఒక పద్ధతి ఉన్నది. లక్షణాలుండాలి, పొద్దున్నే పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో తీసిన రక్తంలో తక్కువని తేలాలి. నా పూర్వవిద్యార్థి ఒకడికి రాత్రి డ్యూటీ దిగి వచ్చాక ఒక్కసారి తీసిన రక్తంతోనే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వాడికి పెళ్ళయి ఏడాది. బయటినుంచి హార్మోను వస్తే పిట్యూటరీ తన ఆజ్ఞలు మానుకుంటుందనీ, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుందనీ, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుందనీ వాడికి చెప్పినవాడు లేడు. ఇప్పుడు సూదులు మాని నెలలు లెక్కపెట్టుకుంటున్నాడు. గుండెపోటు భయం తీరిందంటూ 2023 నాటి పెద్ద పరిశోధనను చూపిస్తారు. అందులో ఉన్నది 45 ఏళ్ళు దాటి, లోపం తేలిన రోగులు. మన ముప్ఫైయేళ్ళ ప్రోగ్రామర్లు కారు. వారిలోనూ గుండె లయ తప్పడం కొంత హెచ్చిందన్న సంగతిని మాత్రం మింగేస్తారు.

2011లో వెలువడిన ఒక చికాగో పరిశోధనలో ఆరోగ్యవంతులైన యువకులను వారంపాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిచ్చారు. పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. ఇక మన ఊరు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 345 మంది ఐటి ఉద్యోగులను పరీక్షించి, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నదని, 71 శాతం మందికి స్థూలకాయమని 2025లో ప్రకటించారు. స్థూలకాయం, నిద్రలేమి రెండూ ఆ హార్మోనును దిగలాగేవే. బరువు తగ్గితే చాలామందిలో అది సూదిమందు లేకుండానే పెరుగుతుంది. అదే ఏడు జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్యసంస్థల్లో రోజుకు పదిగంటల పనికి అనుమతినిచ్చింది. వారానికి 48 గంటలు దాటితే అదనపు వేతనమట. అదనపు నిద్ర ఎవరిస్తారు?

“వాడు తినే బిర్యానీకి యజమాని బాధ్యుడా?” అనే పెద్దమనిషి ఒకడుంటాడు. అమెరికా గడియారానికి పనిచేసేవాడికి అర్ధరాత్రి దొరికే తిండి ఏదో ఆయన ఒక్కసారి కొండాపూరు వచ్చి చూడాలి.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనక ఒక మాట. దైవానికి ఎదురు నిలిచే మానవప్రయత్నాన్ని మన పెద్దలు పౌరుషమన్నారు. ఆ మాటను కండలకూ పడకగదికీ కుదించి సీసాలో పోస్తున్నారు. యూనియన్ అంటే ముఖం చాటేసే సాఫ్టువేరు తమ్ముళ్ళు ఆ సీసాకు మాత్రం వరస కడుతున్నారు. వారిలో మన విద్యార్థులున్నారు. కంపెనీలు ఏటా చేయించే ఆరోగ్యపరీక్షల నివేదికల్లో, కొలెస్ట్రాల్ పక్కనే రాత్రిపని గంటలు కూడా రాయించమని ముందు వారిచేత అడిగించండి.