యంత్రము వేయు మార్కులు

కళాశాలలలో విద్యార్థులు వ్రాసిన కంప్యూటరు ప్రోగ్రాములను దిద్దు పనిని కంప్యూటరునకే యప్పగించుట నేడు పరిపాటి యైనది. ఇది నవీనమైన యుపాయమని పలువురు మురియుచున్నారు. నవీనమెక్కడిది? అమెరికాలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ విద్యాలయమున, విద్యార్థులు రంధ్రములు పొడిచిన అట్టలపై ప్రోగ్రాములు సమర్పించు దినములలోనే యీ పద్ధతి నవలంబించినట్లు జాక్ హాలింగ్స్‌వర్త్ 1960 లో ప్రకటించెను. ముందుగా కొన్ని ప్రశ్నలు సిద్ధపరచి, ప్రోగ్రాము చెప్పు జవాబులను సరియైన జవాబులతో పోల్చి మార్కులు వేయుటయే నేటికిని దీని ముఖ్యరీతి.

దీని ఫలమెట్టిదో చూడుడు. ఒక సంవత్సరము లీపు సంవత్సరమగునో కాదో చెప్పు ప్రోగ్రామును వ్రాయవలెను. యంత్రమడుగునవి 1900, 2000, 2023, 2024 మాత్రమే యనుకొందము. ఒకడు పై తరగతివారి వలన ఆ ప్రశ్నలను ముందే తెలిసికొని, నియమమేమియు నెరుగకయే ఆ నాలుగింటికి జవాబులు వ్రాసి యుంచును. వానికి నూటికి నూరు! మరియొకడు 4 చే భాగింపబడవలెననియు, 100 చే భాగింపబడినచో కాదనియు, 400 చే భాగింపబడినచో మరల నగుననియు చక్కగా గ్రహించి వ్రాసి, జవాబు చివర నొక చుక్క యధికముగా పెట్టును. అక్షరమక్షరము పోల్చు యంత్రము వానికి సున్న చుట్టును. ఇది న్యాయమా?

యంత్రమునకు పక్షపాతము లేదు, అలసట లేదు అందురు. నిజమే. తక్కెడకును పక్షపాతము లేదు. కాని తక్కెడ బంగారము బరువు చెప్పునే గాని వన్నె చెప్పజాలదు. పరీక్షలు తప్పున్నదని చూపగలవే గాని తప్పు లేదని స్థాపింపజాలవని డైక్‌స్ట్రా పండితుడు 1972 లో తన ట్యూరింగు పురస్కారోపన్యాసమున హెచ్చరించి యున్నాడు.

వందలకొలది విద్యార్థుల ప్రోగ్రాములను ఒక్క యుపాధ్యాయుడెట్లు చదువగలడని మరియొక యాక్షేపణ. చదువలేడు. అందులకు మందు మరికొందరు ఉపాధ్యాయులను నియమించుటయే. తరగతిని పెంచి, జీతములు మిగుల్చుకొని, యంత్రమును చూపి తప్పించుకొనుట విద్యాదానము గాదు, వర్తకము.

యంత్రమును వెలివేయుమని నా వాదము గాదు. అర్ధరాత్రివేళ తన తప్పు తానే తెలిసికొని దిద్దుకొనగోరు బాలికకో బాలునకో అది మేలైన తోడు. తప్పు చూపుట దాని పని కావచ్చును. తీర్పు చెప్పుట మాత్రము గురువు పని. ఈ పంక్తి యేల వ్రాసితివని గురువడుగవలెను; శిష్యుడు నోట చెప్పవలెను. అట్టి ప్రశ్న యెన్నడును వినని వాడు, యంత్రమును మెప్పించుటయే విద్య యని నమ్మి పట్టము పుచ్చుకొనును.

తల్లిదండ్రులారా! మార్కుల పట్టిక చేతికి వచ్చినపుడు ఎన్ని వచ్చినవని పిల్లల నడిగి యూరకుండకుడు. మా పిల్లల వ్రాత చదివినదెవరని కళాశాలవారిని నిలదీసి యడుగుడు.