శరదృతువున చెట్లకోత: వృద్ధ రైతునకు తగిన వ్యాపకము



వరి కోతకు వచ్చి, పత్తి తొలితీత ముగియు దినములలో ఆత్మకూరు (ఎస్) మండల గ్రామములలో తిరుగునపుడు రెండు సంగతులు తరచుగా మా కంటబడుచున్నవి. సేద్యమును కుమారులకప్పగించిన పెద్దలు రచ్చకట్టపై ఊరక ప్రొద్దుపుచ్చుచుందురు. అదే సమయమున వారి చెలకగట్టులపై నున్న తుమ్మలను, వేపలను బేరగాండ్రు కంటిచూపుతో వెలకట్టి, గుత్తకు మాటాడి, ఒక్కదినములో నరికి ఎత్తుకొని పోవుచుందురు. గట్టుచెట్ల పోషణమును, వాని మితమైన కోతను ఆ పెద్దలకే అప్పగించినచో ఈ రెండు నష్టములును తీరునని మా దృఢమైన అభిప్రాయము.

గతసంవత్సరము ఒక గ్రామమున ఒక వృద్ధుడు ఆరు తుమ్మచెట్లను ఇట్లే గుత్తకిచ్చెను. కొలత లేదు, తూకము లేదు. తరువాత మేము కలిసికొన్నపుడు, "పైసలు నెలకే ఒడిసినయి గని, ఇగ నీడ యాడికెల్లి తేవాలె సారూ" అని ఆయన అడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఈ వ్యాసమును వ్రాయుటకు ఆ ప్రశ్నయే కారణము.

యావజ్జీవము కాయకష్టము చేసినవానికి విశ్రాంతి యనగా కదలక కూర్చుండుట కాదు. అట్లు కూర్చున్న దేహము త్వరగా క్షీణించును. మందుబిళ్లలకు సైతము కుమారుని చేయి చూడవలసి వచ్చినపుడు మనస్సు అంతకంటె త్వరగా క్రుంగును. ఏటేట నాలుగైదు చెట్లనుండి వచ్చు స్వల్పాదాయము పెద్దకు తనదియే యైయుండవలెను.

"వయసు మళ్లినవానికి గొడ్డలి యేల?" అని కొందరడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. పెద్దవాడు చెట్టెక్కరాదు, ఒంటరిగా రంపము పట్టరాదు, ఈదురుగాలి వీచునపుడును, కరెంటు తీగల చెంతను ఏ పనియు చేయరాదు. పెద్దచెట్టును పడగొట్టుట పడుచువారి పని. ఏ చెట్టు పోవలెనో, ఏది నిలువవలెనో నిర్ణయించుట, గురుతుపెట్టుట, చిన్నకొమ్మలు కొట్టుట, దుంగలను కొలుచుట, నీడలో పేర్చుట పెద్దవాని పని. దినమునకు చల్లనిపూట రెండు గంటలు చాలును. తొందర యెంతమాత్రమును కూడదు.

ఇందులకు శరత్తే తగిన కాలము. ఎండకాలమున నరికిన దుంగ వడగాలికి వేగముగ నెండి చివరల చీలును. వానలలో నరికినది బూజుపట్టును. కార్తీకము మొదలు చలికాలమంతయు దుంగ మెల్లగా ఆరును. వరి కోసిన మడి ఖాళీగా నుండును గనుక చెట్టు పడినను పైరునకు హాని లేదు. దుంగలను నేలకు తగులకుండ అడ్డుకర్రలపై, గాలియాడునట్లు పేర్పవలెను.

మొదట కోయదగినది సర్కారు తుమ్మ. ఇది పరదేశమునుండి వచ్చి, 1877లో కడపజిల్లా కమలాపురమున నాటబడి, దేశమంతట వ్యాపించినది. పైపైన నరికిన మరల గుబురుగా చిగిర్చును. భూమికి జానెడు లోతున మొదలు తీయవలెను. వేపను తలకొట్టినను చిగిర్చును గాన, పశువులకందని యెత్తున కొమ్మలు మాత్రమే కొట్టిన చాలును. నల్లతుమ్మ నరికిన పిమ్మట సరిగా చిగుర్పదు. కావున ఒకటి తీయుటకు ముందే వేరొక మొక్కను నాటవలెను. వెదురున ఆ యేటి లేతబొంగును ముట్టక, ముదిరినవానినే తీయవలెను. తాటిచెట్టు గీతవృత్తివారి జీవనాధారము. వారినడుగక దానిపై చేయివేయరాదు. దసరానాడు మనము పూజించు జమ్మి మన రాష్ట్రవృక్షము, దానిని విడిచిపెట్టుడు.

ఇక కొలత. కంటిచూపు బేరమున నష్టపడునది ఎల్లప్పుడును రైతే. బెరడు తీసి, దుంగ నడుమ చుట్టుకొలత తీయుడు. అది 40 అంగుళములు, పొడవు 9 అడుగులు అనుకొందము. చుట్టుకొలతలో నాల్గవవంతు 10. దానిని దానితోనే హెచ్చింప 100. 108 అంగుళముల పొడవుతో హెచ్చింప 10,800. దీనిని 1,728 చే భాగింప 6¼ ఘనపుటడుగులు. గుండ్రని దుంగలో నిజముగా నుండునది సుమారు 8 ఘనపుటడుగులు. అనగా కోతలో పోవు పొట్టునకును, అంచుపలకలకును ఐదవవంతుకు పైగా ఈ లెక్కయందే విడువబడినది. మరల "తరుగు" అని అడుగువానికి ఈ లెక్కను చూపుడు. వంటచెరకును తూకమునకే యమ్ముడు. పచ్చిదో, ఎండినదో ముందుగనే తేల్చుకొనుడు.

ఒక్కని నాలుగు దుంగలకు అడితివారు మంచిధర ఈయరు. ఇరువదిమందివి ఒకచోట చేర్చిన మాట వేరగును. స్వీడను దేశమున చిన్నచిన్న అడవిదిబ్బల యజమానులు 1938లో సోద్ర అను సహకార సంస్థను స్థాపించుకొనిరి. నేడందు యాబదివేలకు మించిన సభ్యులు కలరు. మనకంత పెద్దది అక్కరలేదు. ఒక కొలతటేపు, ఒక తూకపుకాటా, ఒక మంచి రంపము, ఒక లెక్కపుస్తకము, ఏటికొక ఉమ్మడి అమ్మకము: వీనిని మన సంఘము సమకూర్పవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చింప ప్రార్థించుచున్నాము.

ఒక హెచ్చరిక. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము స్వంతభూమిలోని చెట్టునకైనను అనుమతి కావలసియుండును. ఏ జాతికి మినహాయింపు కలదో అటవీశాఖవారినడిగి తెలిసికొనిన పిమ్మటనే గొడ్డలి యెత్తుడు.

2015లో హరితహారము ఆరంభమైనది మొదలు మొక్కలు నాటుడని అందరును చెప్పుచున్నారు. పెరిగిన చెట్టు నెట్లు వాడుకొనవలెనో చెప్పువారరుదు. ఆ తెలివి మన పెద్దలయొద్ద ఇంకను కలదు. చెట్లు మనకు అప్పగింపబడిన సొమ్ము. వడ్డీని అనుభవించి అసలును మనుమలకు మిగుల్చుట మన విధి. ఈ కార్తీకమున ప్రతి సభ్యుడును తన తండ్రిని చెలకగట్టునకు తోడ్కొనిపోయి, "ఏది ఉంచవలె, ఏది తీయవలె?" అని అడుగుగాక.