పెద్దవారిని మంచానికి అప్పగించకండి

మా వార్డులలో ప్రతిదినం వినబడే మాట ఒకటి ఉంది. "పెద్ద ప్రాణం, పడుకోనీండి సిస్టరమ్మా." ప్రేమతో అనే మాటే. కొడుకు అంటాడు, కోడలు అంటుంది, చూడవచ్చిన సంఘస్థులూ అంటారు. అయినా ఈ మాటతో మేము ఏకీభవించలేము. జ్వరమో, ఆయాసమో, మూత్రంలో ఇన్ఫెక్షనో తగ్గిపోయిన తరువాత కూడా పెద్దవారు లేవలేకపోతే, దానికి చాలాసార్లు జబ్బు కారణం కాదు. వారం పది రోజులు కదలకుండా పడుకున్న మంచమే కారణం.

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు నుంచి ఆసుపత్రులకు వచ్చే పెద్దవారు ఎటువంటివారో మనకందరికీ తెలుసు. చేపల గంప తలకెత్తుకొని ఊరూరా తిరిగిన అవ్వలు, రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండే తాతలు, బ్రతుకంతా నాట్లలో నడుము వంచినవారు. ఆటో దిగి తమ కాళ్ళతో నడిచి వస్తారు. పది రోజులకు జబ్బు నయమవుతుంది గానీ, ఇద్దరు పట్టుకుంటే తప్ప తిరిగి ఆటో ఎక్కలేరు. "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అని ఇంటివారు సర్దిచెప్పుకుంటారు. వయసు పది రోజులలో మీద పడదు గదా!

వయసుతోపాటు కండ తగ్గడం సహజమే. నడివయసు నుంచి మెల్లగా తగ్గుతూ వచ్చి, అరవై దాటాక ఆ వేగం పెరుగుతుంది. దీనికి అమెరికా వైద్యుడు ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకు మాటల నుంచి చేసిన పేరు. కండ కరువు అనుకోవచ్చు. అయితే అది ఏళ్ళ తరబడి జరిగేది. మంచం మీద అదే నష్టం రోజులలో జరుగుతుంది. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని పన్నెండుమంది పెద్దవారిని పది రోజులపాటు మంచం మీదనే ఉంచి చూశారు. ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో కండ పోయింది. వారు ఆరోగ్యవంతులు, వేళకు భోజనం చేసినవారు. మన రోగికి ఒళ్ళు కాలుతూ ఉంటుంది, నోటికి ఏదీ సహించదు. ఇక ఎంత పోతుందో ఆలోచించండి.

కండ కదలడానికి మాత్రమే కాదు, శరీరానికి అది మాంసకృత్తుల గాదె కూడా. జబ్బు చేసినప్పుడు రోగంతో పోరాడటానికి, పుండు మానడానికి కావలసిన సరుకును శరీరం ఆ గాదెలోంచే తోడుకుంటుంది. అది మళ్ళీ నిండాలంటే తిండి ఉండాలి, కండకు పని ఉండాలి. పెద్ద వయసులో ఈ రెండింటిలో ఏ ఒక్కటి తక్కువైనా గాదె నిండదు.

పోయిన కండ ఎక్కడ తెలిసివస్తుందంటే ఇంటి దగ్గర. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే అనుమానించాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సూచించింది. మంచి పరీక్షే. కానీ మన అవ్వలకు అసలు పరీక్ష చాప. నేలమీది చాప నుంచి లేవాలి. కింద కూర్చునే లెట్రిన్‌లోంచి లేవాలి. రెండింటికీ తొడల బలమే ఆధారం. ఆ బలం పోయిననాడు, బ్రతుకంతా ఒకరి సాయం అడగని మనిషి దొడ్డికి పోవడానికి కోడలిని పిలవాలి. సిగ్గుపడి నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. నీళ్ళు తగ్గితే మూత్రంలో మళ్ళీ ఇన్ఫెక్షన్. ఎవరినీ లేపడం ఇష్టం లేక చీకట్లో ఒంటరిగా లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది. కోడలు కూలికి పోయే మనిషి అయితే ఆ కూలీ కూడా పోతుంది. పెద్దాయన కాళ్ళ బలం అంటే ఆ ఇంటి బియ్యం సంగతి కూడా.

ఇక సెలైన్ సంగతి. "నీరసంగా ఉంది, రెండు సీసాలు ఎక్కించండి, బలం వస్తుంది" అని అడగని కుటుంబం అరుదు. అర లీటరు మామూలు సెలైన్ సీసాలో ఉండేది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజు సీసా అయితే ఇరవై అయిదు గ్రాముల చక్కెర. వాంతులు విరేచనాలైనవారికి, నోట తీసుకోలేనివారికి అది ప్రాణం నిలుపుతుంది, కాదనము. కాని అందులో కండకు పనికివచ్చేది రవ్వంత కూడా లేదు. పైగా సీసా ఎక్కుతున్నంతసేపూ చెయ్యి కదపరు, మంచం దిగరు. తినగలిగిన రోగికి సెలైన్ ఎంత త్వరగా తీసేస్తే అంత మంచిది. మూత్రం పైపు కూడా అంతే. "ఇది ఇంకా అవసరమా?" అని మీరు ప్రతి ఉదయం డాక్టరుగారిని, సిస్టర్లను అడగవచ్చు. అడిగితే ఎవరూ కోపగించుకోకూడదు.

తిండి దగ్గరకు వద్దాం. చూడవచ్చినవారు తెచ్చేది బ్రెడ్డు, హార్లిక్స్, కొబ్బరి బోండాం. ఇంటివారు పెట్టేది గంజి, జావ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. జబ్బుపడ్డ వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలని 2013లో అంతర్జాతీయ నిపుణులు చెప్పారు. అంటే యాభై కిలోల అవ్వకు రోజుకు అరవై గ్రాములకు తగ్గకూడదు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. గ్లాసు పాలలోనూ సుమారు అంతే. వంద గ్రాముల చేప ముక్కలో పద్ధెనిమిది, ఇరవై ఉంటాయి. గంజిలో ఉండేది లెక్కకు రాదు.

సముద్రం పక్కనే ఉండి కూడా మన పెద్దవారికి ఆ చేప అందదు. "నంజు, చీము పడుతుంది" అంటారు. గుడ్డు వేడి, పెరుగు చలవ, పప్పు వాతం. బాలింతకు పాలసొర వండిపెట్టే తీరం మనది! ఆమె ఒంటికి బలమిచ్చే చేప తాతగారి పుండును ఎందుకు పాడుచేస్తుంది? పుండు మానడానికి కావలసింది అందులోనే ఉంది. పళ్ళు లేవంటారా, ముళ్ళు తీసి పులుసన్నంలో మెదపండి. గుడ్డు ఉడికించి మెత్తగా చేయండి. ముద్దపప్పులో నెయ్యి వేయండి, రాత్రికి పెరుగన్నం పెట్టండి. కట్టుడు పళ్ళు ఇంటి దగ్గర గూట్లో వదలిరాకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టరుగారు చెప్పినట్లే పెట్టాలి.

లేపడం ఎలా అంటే, హఠాత్తుగా లేపకూడదు. మొదట తలవైపు ఎత్తి కూర్చోబెట్టాలి. తరువాత కాళ్ళు మంచం అంచున కిందికి వేలాడదీసి రెండు మూడు నిమిషాలు ఉంచి, కళ్ళు తిరగడం లేదని చూసుకొని నిలబెట్టాలి. చంకలో చెయ్యి వేసి లాగకండి, నడుము దగ్గర పట్టుకోండి. హవాయి చెప్పులు జారుతాయి, వెనక పట్టీ ఉన్నవి తొడగండి. పంచె పైకి మడిచి కట్టండి. మూడు పూటలా భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చొని చేయనివ్వండి. ఆ ఒక్క మార్పుతోనే రోజుకు కనీసం మూడుసార్లు లేచినట్లవుతుంది. తుంటి విరిగి ఆపరేషన్ కానివారు, గుండెపోటు వచ్చి ఇంకా నిలకడ రానివారు, బి.పి. బాగా పడిపోయినవారు మాత్రం డాక్టరుగారు చెప్పేవరకు ఆగాలి. మిగిలినవారి విషయంలో "ఎప్పటి నుంచి నడిపించవచ్చు?" అని చేరిననాడే అడగండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం గదా, ఆ రెండు నెలలు కొడుకులు కూడా మంచం పక్కన ఉండగలుగుతారు. చూడ ముచ్చటగా ఉంటుంది. కాని వల లాగిన చేతులు కాబట్టి తల్లిని అమాంతం ఎత్తేస్తారు. నాయనలారా, ఎత్తకండి. చెయ్యి ఆసరా ఇచ్చి, ఆమెనే లేవనివ్వండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు.

ఇంత వయసులో నడిపిస్తే ఏమొస్తుంది అనేవారికి ఒక సంగతి. స్పెయిన్ దేశంలోని పాంప్లోనాలో ఆసుపత్రిలో చేరిన 370 మంది వృద్ధులతో చేసిన పరిశోధన 2019లో వెలువడింది. వారి సగటు వయసు 87. సగంమందికి మామూలు వైద్యం చేశారు. మిగతావారికి దానితోపాటు కొద్ది రోజులు ఉదయం సాయంత్రం ఇరవై నిమిషాల చొప్పున లేవడం, నడవడం, కాళ్ళతో బరువు నెట్టడం చేయించారు. మామూలు వైద్యం పొందినవారికి తమ పనులు తాము చేసుకునే శక్తి తగ్గింది. వ్యాయామం చేసినవారికి తగ్గలేదు సరికదా, కొంచెం పెరిగింది. ఇందుకు మన దగ్గర పెద్ద యంత్రాలు లేకపోయినా చేతుల కుర్చీ ఒకటి, వరండా ఒకటి, తోడుగా ఒక మనిషి ఉంటే చాలావరకు జరుగుతుంది.

పరామర్శకు, ప్రార్థనకు వచ్చే సంఘస్థులతోనూ మా మనవి ఇదే. మీరు వచ్చినప్పుడు పెద్దవారు లేచి కూర్చోవాలని చూస్తారు. "వద్దు వద్దు, పడుకోండి" అనకండి. కూర్చోనివ్వండి. వెళ్ళేటప్పుడు వరండా చివరిదాకా మిమ్మల్ని సాగనంపమనండి. బ్రెడ్డు ప్యాకెట్టుకు బదులు నాలుగు ఉడికించిన గుడ్లు తెండి.

డిశ్చార్జి రోజున మందుల చీటీ ఒక్కటే తీసుకొని వెళ్ళకండి. రోజూ ఎంత నడవాలి, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవాలి, ఏమి తినాలి అనేది కూడా రాయించుకోండి. ఇంటికి వెళ్ళేముందే లెట్రిన్ గోడకు పట్టుకొని లేవడానికి ఒక ఇనుప కడ్డీ బిగించమని ఊరి తాపీమేస్త్రీకి చెప్పండి. మంచానికీ లెట్రిన్‌కూ మధ్య ఒక బల్బు వేయించండి.