పండక్కి ఏ ఇంటికి పోవాలె?

దసరా సెలవులిస్తే హనుమకొండ బస్టాండులో కాలు మోపే సందుండదు. హాస్టల్ పిల్లలు ములుగు, నర్సంపేట, మహబూబాబాద్ బస్సుల వెంట పరుగులు పెడతారు. ఆశ్రమాల్లో మిగిలిపోయే పిల్లలకు అవే రోజులు గడవవు.

1970లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పుట్టిన జ్యోతిరెడ్డి గురించి చెప్పేటప్పుడు అందరూ 5 రూపాయల రోజు కూలితో మొదలుపెట్టి, అమెరికాలోని ఫీనిక్స్‌లో ఆమె నెలకొల్పిన కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ దగ్గర ముగిస్తారు. నా మనసు మాత్రం అంతకు ముందటి ఘట్టం దగ్గరే ఆగిపోతుంది. ఇల్లు గడవక తండ్రి ఆమెను హనుమకొండలోని అనాథాశ్రమంలో చేర్పించారు. తల్లి లేని పిల్లనంటేనే చోటు దొరికేది. తల్లి బతికే ఉంది, కానీ ఆ మాట బయటికి అనకూడదు. బెంగ పెట్టుకున్నా అమ్మను తలచుకొని నలుగురిలో ఏడవడానికి లేదు. ఆకలిని తట్టుకోవడం కన్నా ఇది కష్టమని నేను నమ్ముతాను.

ఇది ఆనాటితో పోయిన సంగతి కాదు. తల్లో తండ్రో ఉండి, పేదరికం వల్ల ఆశ్రమాలకు చేరే పిల్లలు ఇవాళా ఉన్నారు. వెనుకబడిన తరగతుల ‘ఎ’ గ్రూపులో అనాథలకు చోటిచ్చారు, మంచిదే. అయితే పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారికే అది వర్తిస్తుంది. చిన్న జ్యోతి లాంటి పిల్లలు ఆ లెక్కలోకి రారు. అలాగని వాళ్లకు ఇల్లూ లేదు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాల పాటు గమనించారు. చెదిరిన కుటుంబాల్లో పెరిగినా నిలదొక్కుకున్నవాళ్లలో ఆమెకు పదే పదే కనిపించిన విషయం ఒకటుంది: అమ్మానాన్నలే కానక్కర్లేదు, విడిచిపోని పెద్దమనిషి ఒకరు వాళ్లకు దొరికారు. అమ్మమ్మ కావచ్చు, పంతులమ్మ కావచ్చు. మన ఆశ్రమాల్లో వండిపెట్టే ఆయమ్మను, రాత్రి జ్వరమొస్తే తల నిమిరే వార్డెన్‌ను ఏడాదికోసారి మార్చేస్తే, పిల్ల మళ్లీ తల్లిని పోగొట్టుకున్నట్టే. కొత్త భవనాలకన్నా ముందు ఈ మనుషులను నిలబెట్టాలి. వాళ్ల జీతం, ఉద్యోగ భద్రత పిల్లల సంక్షేమంలో భాగమే.

ఇక పద్దెనిమిదేళ్లు నిండితే ఆశ్రమం విడిచిపోవాలి. 2015 బాలల న్యాయ చట్టం 21 ఏళ్ల దాకా అనంతర సంరక్షణకు వీలు కల్పించింది. డబ్బు సాయం, వసతి, పని నేర్పడం అన్నీ అవసరమే. కానీ మన దిక్కు ఆడపిల్లకు పెళ్లయినా, ఉద్యోగం వచ్చినా, బతుకమ్మకు తల్లిగారింటి నుంచి పిలుపు రావాలి. ఆ పిలుపు రాకపోతే అత్తవారింట్లో ఆమె మాటకు విలువ ఎంతుంటుందో మన ఆడవాళ్లను అడగండి. జ్యోతిరెడ్డి అంత దూరం వెళ్లి కూడా తన పుట్టినరోజుకు ఇక్కడి ఆశ్రమాల పిల్లల మధ్యకు వస్తారు. ఆ రాకలోని అవసరం నాకు అర్థమవుతుంది.

వరంగల్, హనుమకొండ జిల్లాల అధికారులను కోరేది ఒక్కటే. ఆశ్రమం విడిచిన ఆడపిల్లల చిరునామాలు తీయండి. ఈసారి సద్దుల బతుకమ్మకు వాళ్లకు ఫోన్ చేయండి. భర్తతో, పిల్లలతో వచ్చి రెండు రోజులు ఉండేలా ఓ గది సిద్ధం చేయండి. పిలిచేది మాత్రం వాళ్లను పెంచిన ఆయమ్మే కావాలి.